సాగులో ఆడవాళ్ల పాత్ర: అపోహలు, వాస్తవాలు

వ్యవసాయ కుటుంబాల సర్వేలకు ప్రశ్నలు తయారు చేయడం నా పని. ఈ విషయంలో పొరపాటు మాటలు రెండు వైపుల నుంచీ వింటుంటాను.

అపోహ: ఆడవాళ్లు చేసేది సాయం మాత్రమే

“మీ వృత్తి ఏమిటి?” అని ఒక్క ప్రశ్నతో సరిపెడితే చాలామంది “ఇంటిపని” అనే చెబుతారు. కలుపు ఎవరు తీశారు, విత్తనం ఎవరు ఎంచి దాచారు అని పనులవారీగా అడిగితే లెక్క మారిపోతుంది. పైగా 2013లో కార్మిక గణాంకవేత్తల అంతర్జాతీయ సదస్సు మార్చిన నిర్వచనం ప్రకారం, ప్రధానంగా ఇంటి తిండికే పండించేవాళ్లు చేసేది ‘పని’ కిందికి వస్తుంది, ‘ఉపాధి’ కిందికి రాదు. ఉపాధి పట్టిక ఒక్కటే చూస్తే వాళ్లు కనిపించరు.

అపోహ: ప్రపంచ ఆహారంలో 60–80 శాతం ఆడవాళ్లే పండిస్తారు

మంచి ఉద్దేశంతో చెప్పే మాటే కానీ నిలబడదు. ఇద్దరూ కలిసి దించిన పంటలో ఏ బస్తా ఎవరిదంటాం? శ్రమనైతే కొలవొచ్చు. ఆరు ఆఫ్రికా దేశాలపై 2017లో వచ్చిన అధ్యయనంలో పంట పనుల్లో మహిళల వాటా సగటున 40 శాతం. నైజర్‌లో అది 24, ఉగాండాలో 56.

అపోహ: వాళ్లకు మెళకువలు తెలియవు, అందుకే దిగుబడి తక్కువ

తేడా ఉన్నమాట నిజం. ఆడవాళ్లు, మగవాళ్లు నడిపే సమాన విస్తీర్ణమున్న పొలాల మధ్య అది 24 శాతమని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2023 నివేదిక చెప్పింది. కారణం వేరే ఉంది. పశ్చిమ ఆఫ్రికా దేశమైన బుర్కినా ఫాసోలో భార్యాభర్తలు వేర్వేరు మడులు సాగు చేస్తారు. ఆర్థికవేత్త క్రిస్టఫర్ ఉడ్రీ 1996లో ఆ లెక్కలు విప్పి చూపించారు. ఒకే ఇల్లు, ఒకే పంట, ఒకే ఏడాది. అయినా ఆడవాళ్ల మడిలో దిగుబడి సుమారు 30 శాతం తక్కువ. పశువుల ఎరువు దాదాపు అంతా మగవాళ్ల మడులకే పోయింది, శ్రమ కూడా ఎక్కువగా అటే. ఇప్పటికే బలిసిన మడిలో ఇంకో తట్ట వేస్తే పెరిగేది కొద్దిగానే. ఉన్న ఎరువునీ శ్రమనీ సరిగా పంచుకుంటే ఇంటి మొత్తం పంట 6 శాతం దాకా పెరిగేదని ఆయన అంచనా.

అపోహ: ఇంటి ఆదాయం పెరిగితే ఆమెకూ వచ్చినట్టే

తిండికి పండించినన్నాళ్లు ఆమె చేతిలో ఉన్న పంట, మార్కెట్‌కు వెళ్లడం మొదలయ్యాక భర్త చేతికి మారిపోవడం చాలాచోట్ల జరిగేదే. అందుకే ఆదాయం ఎంతో రాసుకుని ఊరుకోను. అమ్మిన డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో ఎవరు నిర్ణయించారని భార్యనూ భర్తనూ విడివిడిగా అడిగిస్తాను. జవాబులు కలవకపోతే రెండూ రాయిస్తాను.