ఊరు పుట్టకముందే పేరు: అమెరికా రైలు పట్టణాల కథ

నెబ్రాస్కా రాష్ట్రంలో లింకన్ నగరం నుంచి పడమరకు సాగే పాత రైలు మార్గంలోని ఊళ్లను వరుసగా చదివితే ఎవరో ఇంగ్లీషు అక్షరమాల అప్పజెప్పుతున్నట్టు ఉంటుంది: క్రీట్, డార్చెస్టర్, ఎక్సెటర్, ఫెయిర్‌మాంట్, గ్రాఫ్టన్, హార్వర్డ్, ఇన్‌లాండ్, జునియాటా, కెనెసా, లోవెల్. 1870ల తొలినాళ్లలో బర్లింగ్టన్ అండ్ మిస్సోరీ రివర్ కంపెనీ అక్కడ పట్టాలు వేసింది. కంపెనీ వెనుక ఉన్న సొమ్ము బోస్టన్‌ది. హార్వర్డ్, లోవెల్, డార్చెస్టర్ అన్నవి బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్రపు పేర్లే. చాలాచోట్ల అప్పటికి ఇళ్లింకా లేవలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టే జరిగింది.

ఈ తొందరకు మూలం భూమిలో ఉంది. 1850లో అమెరికా ప్రభుత్వం చేసిన చట్టం ద్వారా ఇల్లినాయ్ సెంట్రల్ రైలు మార్గానికి దాదాపు 26 లక్షల ఎకరాల ప్రభుత్వ భూమి దక్కింది. ఆ తర్వాత పడమటి కంపెనీలకూ ఇలాగే భూములు అందాయి. ఆ భూమిని అమ్ముకోవాలంటే పటం మీద ఒక ఊరు కనిపించాలి, ఊరికొక పేరుండాలి. ఆవిరి ఇంజనుకు కొన్ని మైళ్లకొకసారి నీళ్లు పట్టాలి. రైతు బండిలో ధాన్యం తెచ్చి పొద్దు గూకేలోగా ఇల్లు చేరగలగాలి. అందువల్ల స్టేషన్లు దగ్గరదగ్గరగా వెలిశాయి. ఒంటి లైను మీద బళ్లను నడిపేది తంతి ఆజ్ఞలే కాబట్టి, ఒకేలా వినిపించే రెండు పేర్లుంటే రెండు రైళ్లు ఎదురెదురుగా వచ్చే ప్రమాదం ఉండేది. ఒక రాష్ట్రంలో ఒకే పేరుతో రెండు పోస్టాఫీసులుంటే తపాలా శాఖకూ చిక్కే. కొత్త పేర్ల కోసం అధికారులు వెతుకులాడింది ఇందుకే.

శాంటాఫే రైలు కంపెనీ అధ్యక్షుడు విలియం బార్‌స్టో స్ట్రాంగ్ ఇంటిపేరు కాన్సాస్‌లోని స్ట్రాంగ్ సిటీకి అప్పటికే వెళ్లిపోయింది. దాంతో 1886లో కాలిఫోర్నియా ఎడారిలోని జంక్షన్‌కు ఆయన మధ్యపేరు తగిలించారు. బార్‌స్టో అలా వచ్చింది. పేరుతో పెట్టుబడి లాగిన ప్రయత్నమూ ఉంది: నేటి నార్త్ డకోటాలో ఇంజనీరు ఎడ్విన్ జాన్సన్ పేర వెలసిన ఎడ్విన్‌టన్‌ను, జర్మన్ల డబ్బు వస్తుందన్న ఆశతో 1873లో జర్మనీ ఛాన్సలర్ పేరున బిస్మార్క్‌గా మార్చారు.

వాషింగ్టన్ రాష్ట్రంలో మిల్వాకీ రైలు కంపెనీ ఉపాధ్యక్షుడు హెచ్.ఆర్. విలియమ్స్ ఒక్కడే ముప్పైకి పైగా స్టేషన్లకు పేర్లు పెట్టాడు. ఒకదానికి రాల్‌స్టన్ అని ఉదయపు ఆహారం పేరు, మరొకదానికి హార్లిక్ అని మాల్టు పాలపొడి పేరు ఇచ్చాడు. మన ఇళ్లలో గ్లాసు పాలలో కలుపుకునే హార్లిక్స్ వంశమే అది. ఆ కంపెనీ ఎదిగింది విస్కాన్సిన్ రాష్ట్రంలోని రసీన్‌లో.

కంపెనీ గదిలో కాక కూలీల నోట పుట్టిన పేరుకు న్యూమెక్సికోలోని గాలప్ మంచి ఉదాహరణ. డేవిడ్ గాలప్ జీతాలు పంచే అధికారి. కూలి డబ్బుకు "గాలప్ దగ్గరికి పోతున్నాం" అనుకునేవాళ్లు. 1881లో ఆ మాటే ఊరి పేరైంది. నాకు నచ్చే పేరు ఇదే. దీనికి పూర్తి విరుద్ధంగా తోచేది వయోమింగ్‌లోని షయెన్: 1851లో అమెరికా ప్రభుత్వం చేసుకున్న ఒప్పందంలో షయెన్, అరాపహో అనే స్థానిక తెగలదిగా గుర్తించిన నేల మీదే 1867లో యూనియన్ పసిఫిక్ రైలు కంపెనీ ఆ పట్టణాన్ని నిలబెట్టింది. నేల వాళ్లకు మిగల్లేదు, పేరు మాత్రం పట్టణానికి మిగిలింది.

మిల్వాకీ కంపెనీ తన పడమటి మార్గాన్ని 1980లో వదులుకుంది. హార్లిక్ దగ్గర పట్టాలు లేవు. ఆ కట్ట మీద ఇప్పుడు సైకిళ్లు పోతుంటాయి.