ప్రైమ్ నంబర్ ప్రోగ్రాం అపోహలు - వాస్తవాలు: 7 ఇచ్చి మురిసిపోకండి

ఒంగోలులో డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకు సి లాంగ్వేజ్ ల్యాబ్ చూస్తుంటాను. ప్రైమ్ నంబర్ ప్రోగ్రాం (ఇచ్చిన సంఖ్య ప్రధాన సంఖ్యా, అంటే 1తోనూ తనతోనూ తప్ప దేనితోనూ నిశ్శేషంగా పోనిదా అని తేల్చేది) రోజున ఒకటే గోల, "సార్, వచ్చేసింది!" అని. వెళ్లి చూస్తే స్క్రీన్ మీద 7 ప్రైమ్, 10 కాదు. ఇక రికార్డులో సంతకం పెట్టేయమంటారు. నేను 9 కొట్టమంటాను. అదీ ప్రైమే అంటుంది.

అపోహ: 7కీ 10కీ సరిగ్గా వస్తే ప్రోగ్రాం కరెక్టే.

వాస్తవం: 2 నుంచి ఒక్కో భాజకంతో వరసగా భాగించి చూసే లూపులో, ఇఫ్ (శేషం సున్నా అయితే) పక్కనే ఎల్స్ (కాకపోతే) పెట్టి అక్కడే "ప్రైమ్" అని రిటర్న్ చేసేస్తున్నారు. 9ని 2తో భాగిస్తే శేషం మిగిలింది కదా, అంతే, తీర్పు చెప్పేసి బయటికి వచ్చేస్తుంది, 3 దాకా పోనే పోదు. మీరు రాసింది సరి బేసి చూసే ప్రోగ్రాం అబ్బయ్యా! పెళ్లి సంబంధం చెడటానికి ఒక్కరు కాదంటే చాలు, కుదరాలంటే మాత్రం ఇంటిల్లిపాదీ ఒప్పుకోవాలి. ఇదీ అంతే. "కాదు" అనే మాట లూపులోనే అనొచ్చు, "ప్రైమ్" అనేది లూపు మొత్తం అయ్యాక, దాని బయట అనాలి.

కొందరు ఫ్లాగ్ (1 అంటే ప్రైమ్, 0 అంటే కాదు అని గుర్తుపెట్టుకునే వేరియబుల్) వాడతారు గానీ, ఎల్స్‌లో దాన్ని మళ్లీ 1 చేసేస్తారు. లూపులో చివరి భాజకం ఎన్ (మనం ఇచ్చిన సంఖ్య) కంటే ఒకటి తక్కువ, దాంతో భాగిస్తే శేషం ఎప్పుడూ 1 వస్తుంది, కాబట్టి 10 ఇచ్చినా ప్రైమే! మార్కాపురం పలక ఒకటి తెచ్చుకుని ప్రతి చుట్టుకీ ఫ్లాగ్ విలువ రాసుకుంటూ పోతే రెండు నిమిషాల్లో దొరికిపోయే తప్పు ఇది.

అపోహ: 1 కూడా ప్రైమే.

కాదు. సరిగ్గా రెండు కారణాంకాలు ఉండాలి, 1కి ఉన్నది ఒక్కటే. లూపు తిరగదు కాబట్టి ప్రోగ్రాం ప్రైమ్ అనేస్తుంది, ముందే ఆపండి.

అపోహ: సగం దాకా భాగించి చూడాల్సిందే.

వాస్తవం: వర్గమూలం దాకా చాలు. 1000003 ప్రైమ్ అని తేల్చడానికి సగం దాకా పోతే ఐదు లక్షల భాగహారాలు, వర్గమూలం దాకా అయితే 999. ఎందుకంటే కారణాంకాలు జంటలుగా వస్తాయి, జంటలో చిన్నది వర్గమూలాన్ని దాటదు. లూపు షరతులో సమానం గుర్తు మర్చిపోతే మాత్రం 25, 49 ప్రైమ్‌లైపోతాయి. ఇంకో మెలిక ఉంది. 2147483647 ఇస్తే వర్గమూలం దాటామో లేదో చూడటానికి భాజకం ఐని ఐతో గుణించినప్పుడు 46341 దగ్గర ఆ లబ్ధం పూర్ణాంకాలు పెట్టుకునే మామూలు ఇంట్‌లో పట్టదు, ఆ తర్వాత ఏం జరుగుతుందో సి పూచీ పడదు. గుణకారం బదులు "ఐ <= ఎన్/ఐ" అని రాసుకుంటే ఆ టెన్షన్ లేదు.

అపోహ: ఇది చిన్నపిల్లల లెక్క.

వంద అంకెల సంఖ్యకు మన లూపు జన్మలో ముగియదు. ఎంత పెద్ద సంఖ్యనైనా సహేతుకమైన సమయంలో కచ్చితంగా తేల్చే పద్ధతిని 2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, ఆయన విద్యార్థులు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఇచ్చారు. అప్పటికి ఆ ఇద్దరూ బీటెక్ ముగించి ఎన్నాళ్లో కాలేదు.

అపోహ: 2, 3, 5తో పోకపోతే ప్రైమే.

91 కొట్టండి. ఏడు పదమూళ్లు. చాలా ఏళ్లు సంతకానికి ముందు నేను కొట్టే నంబరు ఇదే. ఇప్పుడు పిల్లలు నేను కుర్చీలోంచి లేచేలోపే 91 కొట్టి చూసుకుంటున్నారు, అందుకే 119కి మారాను.