కాదన్న కిరీటం, నిలవని వారసత్వం: క్రామ్‌వెల్ కొడుకు కథ

1658 సెప్టెంబర్ 3న, రాజు లేని ఇంగ్లండ్‌ని ఏలుతున్న సేనాని ఆలివర్ క్రామ్‌వెల్ లండన్‌లో కన్నుమూశాడు. మర్నాడే ఆయన కొడుకు రిచర్డ్‌ని ఇంగ్లండ్ కొత్త లార్డ్ ప్రొటెక్టర్‌గా, అంటే రాజు స్థానంలో దేశాన్ని ఏలే పాలకుడిగా, చాటింపు వేశారు. ఆఖరి ఘడియల్లో ఆయన కొడుకు పేరే చెప్పాడని మంచం పక్కనున్నవాళ్లు అన్నారు. అలా రాసి సంతకం పెట్టిన కాగితం మాత్రం ఏదీ బయటపడలేదు. రాజు మొదటి చార్లెస్ తల తీసి అప్పటికి పదేళ్లు కూడా నిండలేదు.

అసలు 1653లో రాసుకున్న రాజ్యాంగం ఈ పదవి వంశపారంపర్యం కాదనీ, ప్రొటెక్టర్ పోతే పాలక మండలే మరొకరిని ఎన్నుకోవాలనీ తేల్చి చెప్పింది. 1657లో పార్లమెంటు ఏకంగా కిరీటాన్నే ఇవ్వజూపింది. సైన్యాధికారులు గట్టిగా అడ్డుతగిలారు, క్రామ్‌వెల్ వద్దన్నాడు. కానీ కిరీటం తీసేసి ఆయన ఒప్పుకున్న ఒప్పందంలో ఒక మాట మిగిలిపోయింది: తన వారసుణ్ని ఆయనే చెప్పవచ్చు. తర్వాతి గొడవకు బీజం అక్కడే పడిందని నా నమ్మకం.

ఆయన పోయాక మైనపు ముఖంతో ఒక బొమ్మ చేసి సోమర్‌సెట్ హౌస్‌లో జనం చూడటానికి ఉంచారు. ఊదారంగు మఖమలు బట్టలు తొడిగి, చేతికి రాజదండం ఇచ్చారు. మొదట కిరీటం దగ్గర్లోనే విడిగా ఉండేది. కొన్నాళ్లకు బొమ్మను నిలబెట్టి, కిరీటం తలకే పెట్టేశారు.

రిచర్డ్‌కి అప్పుడు 31 ఏళ్లు. ఇద్దరు అన్నలూ చిన్న వయసులోనే పోవడంతో పెద్దకొడుకయ్యాడు. హాంప్‌షైర్‌లోని హర్స్‌లీ ఎస్టేటులో వేట, వ్యవసాయం, అప్పులు, ఇదీ అతని లోకం. యుద్ధాల్లో పేరు తెచ్చుకున్నవాడు కాడు. తండ్రి మాటకు కట్టుబడిన సైన్యానికి ఇతను కేవలం ఆయన కొడుకు. పైగా సిపాయిలకు నెలల తరబడి జీతం బాకీ, ఖజానా అప్పుల్లో మునిగి ఉంది. సేనాధిపత్యం తమవాడికే విడిగా ఇవ్వాలని అధికారులు పట్టుబట్టారు. వాళ్ల ముందు నిలిచినవాడు రిచర్డ్ సొంత బావ ఫ్లీట్‌వుడ్.

1659 ఏప్రిల్‌లో ఆ గొడవ బద్దలైంది. అనుమతి లేకుండా అధికారులు సమావేశం కాకూడదని పార్లమెంటు తీర్మానించింది. ఆ సభనే రద్దు చెయ్యమని అధికారులు రిచర్డ్ మీదికొచ్చారు. అతను దళాలను లండన్‌లోని తన భవనం వైట్‌హాల్‌కి రమ్మని పిలిచాడు. అదే సమయానికి ఫ్లీట్‌వుడ్ దగ్గర్లోని మరో భవనం సెయింట్ జేమ్స్‌కి రమ్మన్నాడు. దళాల్లో ఎక్కువ భాగం సెయింట్ జేమ్స్‌కే నడిచాయి. ఏప్రిల్ 22న సభ రద్దయింది, మే నెలాఖరుకు రిచర్డ్ పదవీ పోయింది.

అతన్ని చేతకానివాడని వెక్కిరించడం అన్యాయమనిపిస్తుంది నాకు. తండ్రి బలం ఏ చట్టంలోనూ లేదు, ఆయన గెలిచిన యుద్ధాల్లో ఉంది. దాన్ని కొడుక్కి ఎవరు రాసివ్వగలరు?

ఏడాది తిరిగేసరికి, తల తీసిన రాజు కొడుకు రెండో చార్లెస్ రాజుగా లండన్‌లో అడుగుపెట్టాడు. అప్పులవాళ్ల భయంతో రిచర్డ్ ఫ్రాన్స్ పారిపోయి, పేరు మార్చుకుని బతికాడు. సుమారు ఇరవై ఏళ్ల తర్వాత తిరిగొచ్చేసరికి, హర్స్‌లీలో వదిలి వెళ్లిన భార్య డొరొతీ లేదు. ఆమె 1676లోనే పోయింది. అతను 1712 దాకా బతికాడు.