వికలాంగుల మీద పరిశోధన: ఏం తేల్చాలో వాళ్లనే అడగడం ఎలా మొదలైంది?

అమెరికా ప్రభుత్వంలో ఒక చిన్న సంస్థ ఉంది. పేరు మాత్రం చిన్నది కాదు: వైకల్యం, స్వతంత్ర జీవనం, పునరావాసాలపై జాతీయ పరిశోధనా సంస్థ. దాని పొడి అక్షరాలు పలకడానికి నోరు తిరగదు కాబట్టి ఇక్కడ ‘సంస్థ’ అనే అనుకుందాం. వచ్చే ఐదేళ్లలో ఏ విషయాల మీద పరిశోధనకు డబ్బు ఇవ్వాలనుకుంటోందో ఐదేళ్లకోసారి ఒక ముసాయిదా రాసి, దాన్ని ఫెడరల్ రిజిస్టర్ అనే గెజిట్‌లో అచ్చువేసి, జనం ఏమంటారో వినాలని చట్టం చెబుతోంది. ఆ ప్రకటన చదివితే నిద్రొస్తుంది. మన దగ్గర భూసేకరణ నోటీసు ఎంత రసవత్తరంగా ఉంటుందో ఇదీ అంతే.

కానీ దాని వెనక పెద్ద తగాదా ఉంది. ‘మా గురించి ఏం తెలుసుకోవాలో తేల్చడానికి మీరెవరు?’ అన్నది ఆ తగాదా.

మొదట్లో ఈ ప్రశ్నే లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న సైనికుల కోసం 1918లో, మామూలు పౌరుల కోసం 1920లో అమెరికా పునరావాస చట్టాలు చేసింది. వాటి ఉద్దేశం ఒక్కటే, మనిషిని మళ్లీ పనిలో పెట్టడం. 1954లో చట్టాన్ని సవరించాక పరిశోధనకూ గ్రాంట్లు వచ్చాయి. పునరావాస శాఖను నడిపిన మేరీ స్విట్జర్, న్యూయార్క్ డాక్టర్ హోవార్డ్ రస్క్ లాంటివాళ్లు దీన్ని గట్టిగా ముందుకు తీసుకెళ్లారు. కృత్రిమ అవయవాలు, వ్యాయామ చికిత్స, ఎవరు ఏ ఉద్యోగానికి పనికొస్తారు అన్నవి అప్పటి అంశాలు. ఈ పనిని తీసిపారేయలేం, దానివల్ల చాలామంది నిలదొక్కుకున్నారు. అయితే ప్రశ్నలు వేసేది డాక్టర్లు, అధికారులు. వికలాంగుడు జవాబులు చెప్పేవాడు మాత్రమే.

ఈ పద్ధతిని ఎదిరించినవాళ్లలో ఒకడు కాలిఫోర్నియాకు చెందిన ఎడ్ రాబర్ట్స్. అతనికి 1953లో, పద్నాలుగేళ్ల వయసులో పోలియో వచ్చింది. మెడ కింద ఒళ్లంతా దాదాపు చచ్చుబడింది. రాత్రిళ్లు ఐరన్ లంగ్ అనే పెద్ద డబ్బా లాంటి యంత్రంలో పడుకుంటే తప్ప ఊపిరి ఆడేది కాదు. కాలేజీ చదువుకు సాయం కావాలని కాలిఫోర్నియా పునరావాస శాఖను అడిగితే, ఇతను ఉద్యోగం చేసే స్థితికి ఎప్పటికీ రాడని మొదట తోసిపుచ్చారు. గొడవపడి సాయం సంపాదించుకుని 1962లో బర్క్‌లీ యూనివర్సిటీలో చేరాడు. ఆ యంత్రం పట్టే హాస్టల్ గది లేకపోవడంతో క్యాంపస్ ఆసుపత్రిలోనే ఉన్నాడు. తర్వాత అక్కడికే మరికొందరు వికలాంగ విద్యార్థులు వచ్చి చేరారు. 1972లో ఆ బృందం స్వతంత్ర జీవన కేంద్రాన్ని మొదలుపెట్టింది. 1975లో గవర్నర్ జెర్రీ బ్రౌన్, ఎడ్‌ను పనికిరాడన్న ఆ శాఖకే డైరెక్టర్‌గా నియమించాడు. సినిమాలో పెడితే అతిగా ఉందంటారు.

వాళ్లకు కావలసిన జవాబులు వేరు. పొద్దున్నే నన్ను లేపి స్నానం చేయించే మనిషిని నేనే పెట్టుకోవచ్చా? వీల్‌చైర్ పాడైతే ఎవరు బాగుచేస్తారు? రోడ్డు మూల పేవ్‌మెంట్ దిగడానికి వాలు ఎందుకు లేదు? ఇవి ఆ రోజుల్లో పరిశోధన అనిపించుకునేవి కావు.

అదే కాలంలో ఇంగ్లండ్‌లో ఇంకో కథ నడిచింది. ‘మమ్మల్ని అడగండి’ అన్న మాటలో అంత కసి ఎందుకుందో తెలియాలంటే ఈ కథ తెలియాలి. హాంప్‌షైర్‌లో లె కోర్ట్ అని వికలాంగుల ఆశ్రమం ఉండేది. ఎప్పుడు పడుకోవాలి, ఎవరిని కలవాలి అన్నవాటి మీద అధికారం కోసం అక్కడివాళ్లు యాజమాన్యంతో తగాదా పడుతున్నారు. నిపుణులు వచ్చి చూస్తే తమ మాటకు బలం వస్తుందనుకుని 1960వ దశకంలో పరిశోధకులను వాళ్లే పిలిపించుకున్నారు. లండన్‌లోని టావిస్టాక్ ఇన్‌స్టిట్యూట్ అనే సామాజిక పరిశోధనా సంస్థ నుంచి ఎరిక్ మిల్లర్, జెరాల్డిన్ గ్విన్ వచ్చారు. 1972లో వాళ్ల పుస్తకం వెలువడింది. అలాంటి చోట చేరడమంటే సమాజం దృష్టిలో చచ్చిపోయినట్టేనని అందులో ఉంది. అంతా రాసి, అసలు ఆశ్రమాలే ఉండకూడదని మాత్రం అనలేదు. ఉన్నవాటినే మెరుగ్గా ఎలా నడపాలో చెప్పారు.

లె కోర్ట్‌లో ఉండి వచ్చిన పాల్ హంట్‌కు ఒళ్లు మండిపోయింది. ఆ పరిశోధకులను పరాన్నజీవులని తిట్టాడు. వాళ్లు తటస్థం అనుకున్నది నిజానికి యాజమాన్యం పక్షమేనని అతని వాదన. 1972 సెప్టెంబరులో గార్డియన్ పత్రికకు ఉత్తరం రాసి, తనలాంటివాళ్లంతా కలిసి ఒక సంఘంగా ఏర్పడదామన్నాడు. మనిషిని వికలాంగుడిగా చేసేది ఒంట్లో లోపం కాదు, సమాజం పెట్టే అడ్డంకులు అన్న వాదన ఆ సంఘంలోనే గట్టిపడింది.

మళ్లీ అమెరికాకు వద్దాం. 1973 పునరావాస చట్టాన్ని అధ్యక్షుడు నిక్సన్ రెండుసార్లు వీటో చేసి, చివరికి సంతకం పెట్టాడు. ప్రభుత్వ డబ్బు తీసుకునే ఏ సంస్థా వికలాంగుల పట్ల వివక్ష చూపకూడదని అందులో 504 సెక్షన్ చెప్పింది. దాన్ని అమలుచేసే నిబంధనలు మాత్రం నాలుగేళ్లయినా బయటికి రాలేదు. 1977 ఏప్రిల్ 5న జూడీ హ్యూమన్, కిట్టీ కోన్ లాంటి నాయకుల వెంట వందమందికి పైగా శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫెడరల్ భవనంలోకి వెళ్లి బైఠాయించారు. మూడు వారాలు దాటినా కదల్లేదు. నల్లజాతివాళ్ల హక్కుల కోసం పోరాడే బ్లాక్ పాంథర్ పార్టీ వాళ్లు వేడివేడి భోజనం తెచ్చిపెట్టారు. ఏప్రిల్ 28న మంత్రి జోసెఫ్ కాలిఫానో నిబంధనల మీద సంతకం చేశాడు.

మరుసటి ఏడాది, 1978 సవరణలతో మన ‘సంస్థ’ పుట్టింది. స్వతంత్ర జీవన కేంద్రాలకు ఫెడరల్ నిధులు ఇచ్చే ఏర్పాటు వచ్చింది కూడా ఆ సవరణలతోనే. ఒకటి పరిశోధనకు, ఒకటి ఉద్యమానికి. రెండూ ఒకే కాగితం మీద రావడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. పుట్టినప్పుడు సంస్థ పేరులో ఉన్న ‘హ్యాండిక్యాప్డ్’ అనే మాట 1986లో పోయింది. పేర్ల తగాదా మనకూ కొత్త కాదు. వికలాంగులని కొందరు, దివ్యాంగులని కేంద్రం, విభిన్న ప్రతిభావంతులని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అంటున్నాయి. పేరు మారిన ప్రతిసారీ పని కూడా మారుతుందన్న నమ్మకం లేదు గానీ, ఈ సంస్థ విషయంలో కొంత మారింది.

1990వ దశకంలో దాన్ని నడిపిన కేథరీన్ సీల్‌మన్‌కు వినికిడి లోపం ఉంది. ఆమె హయాంలో 1999 డిసెంబరులో వచ్చిన ఐదేళ్ల ప్రణాళిక, వైకల్యం మనిషి ఒంట్లోనే ఉండేది కాదని, మనిషికీ అతని చుట్టూ ఉన్న పరిసరాలకూ మధ్య పుట్టేదని రాసింది. ఎడ్, హంట్ అరిచి చెప్పిన మాట ప్రభుత్వ గెజిట్‌లోకి ఎక్కింది. అప్పటి నుంచి మెట్లు, బస్సులు, ఇళ్లు, టెక్నాలజీ, యజమానుల ధోరణి కూడా గ్రాంటు అడగదగ్గ అంశాలయ్యాయి. 2014లో చట్టం మారి, సంస్థ విద్యాశాఖ నుంచి ఆరోగ్యశాఖ కిందికి వచ్చింది. ‘స్వతంత్ర జీవనం’ పేరులో చేరింది అప్పుడే.

సరే, అభిప్రాయాలు అడిగితే ఎవరు చెబుతారు? ఇక్కడే చిక్కు. గెజిట్ చదివే అలవాటున్నవాళ్లు యూనివర్సిటీల వాళ్లు, పాత గ్రాంటు కొనసాగాలని కోరుకునేవాళ్లు, ఆఫీసూ జీతగాళ్లూ ఉన్న సంఘాలు. మేధో వైకల్యం ఉన్న మనిషికి ఆ భాష అర్థం కాదు. సైగల భాషే మాతృభాష అయినవాళ్లకు ఇంగ్లిష్‌లో రాసిన నలభై పేజీలు ఇంకొకరి భాషే. పైగా ముసాయిదా రాశాక అడగడం వేరు, రాయకముందు అడగడం వేరు. వంటంతా అయ్యాక ఉప్పు సరిపోయిందా అని అడిగితే, కూర ఏం చేయాలో అడిగినట్టు కాదు కదా.

ఈ లోటు తీర్చడానికి బ్రిటన్‌లో వేరే పద్ధతి వచ్చింది. 2000లో మోకాళ్ల అరుగుదల మీద ఒక అధ్యయనం జరిగింది. పరిశోధనలో ఎక్కువ భాగం మందుల మీదే సాగుతోంది. రోగులను అడిగితే, మందుల మీద ఇంకా పరిశోధన కావాలన్నవాళ్లు పదో వంతు కూడా లేరు. కీలు మార్పిడి గురించి, ఎలా నెట్టుకురావాలో చెప్పే సలహాల గురించి తేల్చమన్నారు. 2004లో మొదలైన జేమ్స్ లిండ్ అలయన్స్ ఈ తేడా మీదే పనిచేస్తుంది. రోగులు, వాళ్లను చూసుకునే ఇంటివాళ్లు, వైద్యులు తమకు జవాబు దొరకని ప్రశ్నలు పంపుతారు. వాటిలో ఇప్పటికే జవాబున్నవి తీసేస్తారు. మిగిలినవాటి మీద ముగ్గురూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని వాదించుకుని పది తేలుస్తారు. మందుల కంపెనీలకు అక్కడ ఓటు లేదు. కూర ఏం చేయాలో అడగడమంటే దాదాపు ఇదే.

అమెరికాలో అన్నిటికంటే పెద్ద వైద్య పరిశోధనా వ్యవస్థ ఎన్‌ఐహెచ్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్) కూడా ఆలస్యంగా ఈ దారికి వచ్చింది. అనారోగ్యాన్ని, వైకల్యాన్ని తగ్గించడం తన లక్ష్యమని దాని ధ్యేయ వాక్యం చెప్పేది. వైకల్యాన్ని తగ్గించడమంటే మమ్మల్ని లేకుండా చేయడమా అని వికలాంగులు అడిగారు. ఆ మాట తీసేయమని సొంత సలహా బృందమే 2022 డిసెంబరులో సిఫార్సు చేసింది. 2023లో కొత్త వాక్యం రాసి జనాభిప్రాయం అడిగారు. ఆ ఏడాది సెప్టెంబరులోనే వికలాంగులను ఆరోగ్య అసమానతలు ఎదుర్కొంటున్న వర్గంగా గుర్తించారు. పరిశోధన నిధుల భాషలో అది చిన్న విషయం కాదు. మళ్లీ 2025 మార్చిలో మన ‘సంస్థ’ ఏ విభాగం కింద ఉందో ఆ విభాగాన్నే విడదీసి, దాని పనులను ఇతర విభాగాల్లో కలుపుతామని అమెరికా ఆరోగ్యశాఖ ప్రకటించింది.

భారతదేశంలో ఈ పోరాటం ఇంకా వెనక మెట్టు దగ్గర, అసలు లెక్కలోకి రావడం దగ్గర మొదలైంది. ఉద్యమకారులు పట్టుబట్టాకే 2001 జనాభా లెక్కల్లో వైకల్యం ప్రశ్న చేరింది. అప్పుడు తేలింది 2.19 కోట్ల మంది, 2011లో 2.68 కోట్లు. మేధో వైకల్యంపై జాతీయ సంస్థ 1984 నుంచి సికింద్రాబాద్‌లోనే ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాలను 7 నుంచి 21కి పెంచింది. పరిశోధన గురించి అందులో 28వ సెక్షన్ ఉంది. పునరావాసానికి, సాధికారతకు అవసరమైన అంశాల మీద ప్రభుత్వం పరిశోధన చేయించాలని ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకుంది. ఆ అంశాలేవో ఎవరిని అడిగి తేల్చాలో ఆ వాక్యంలో లేదు.