మిడ్‌టర్మ్ సర్వేలకు అసలు చిక్కు: పోలింగ్ బూత్‌కు వచ్చేదెవరు?

2010 అక్టోబర్ 31. అమెరికాలో అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో వచ్చే మిడ్‌టర్మ్ ఎన్నికలకు రెండు రోజుల ముందు గాలప్ సంస్థ తన చివరి సర్వే బయటపెట్టింది. నమోదైన ఓటర్లందరినీ లెక్కలోకి తీసుకుంటే రిపబ్లికన్ పార్టీకి 4 పాయింట్ల ఆధిక్యం. తప్పకుండా ఓటేస్తారనిపించిన వాళ్లను మాత్రమే లెక్కిస్తే ఆ ఆధిక్యం 15 పాయింట్లు. సర్వే ఒకటే, అడిగిన ప్రశ్నా ఒకటే. తీరా ఓట్లు లెక్కపెడితే ప్రతినిధుల సభ ఎన్నికల్లో దేశమంతటా కలిపి తేలిన తేడా దాదాపు 7 పాయింట్లు. మొదటి అంకె తక్కువ చెప్పింది, రెండోది రెట్టింపుకు మించి చెప్పింది.

ఎవరికి ఓటేస్తారని అడిగితే జనం చాలావరకు నిజమే చెబుతారు. ఓటు వేస్తారా అని అడిగితే మాత్రం అలా కాదు. వెయ్యను అని చెప్పడం చాలామందికి నామోషీ. వెళ్లే ఉద్దేశం లేనివాళ్లూ వెళ్తామనే అంటారు. ఎన్నికలయ్యాక వాళ్ల మాటలను అధికారిక రికార్డులతో పోల్చి చూసిన పరిశోధనల్లో ఇది పదేపదే రుజువైంది. మిడ్‌టర్మ్ సర్వేల చరిత్ర చాలావరకు ఈ ఒక్క చిక్కు చుట్టూనే తిరుగుతుంది.

అధ్యక్షుడి నాలుగేళ్ల పదవీకాలం సగానికి వచ్చేసరికి ప్రతినిధుల సభలోని 435 స్థానాలకూ, సెనేట్‌లో సుమారు మూడోవంతుకూ, చాలా రాష్ట్రాల్లో గవర్నర్ పదవికీ ఎన్నికలు జరుగుతాయి. బ్యాలట్‌పై అధ్యక్షుడి పేరు ఉండదు కాబట్టి ఆసక్తి పడిపోతుంది. 2020 అధ్యక్ష ఎన్నికల్లో అర్హుల్లో దాదాపు మూడింట రెండొంతుల మంది ఓటేశారు. 2022 మిడ్‌టర్మ్‌లో ఓటేసింది సుమారు 46 శాతం. 2014లో అయితే 37 శాతం కూడా లేరు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో జరిగిన ఎన్నికల తర్వాత అంత తక్కువ పోలింగ్ అదే. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో 80 శాతం దాటిన పోలింగ్ చూసినవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. కానీ రెంటినీ నేరుగా పోల్చకూడదు. మన శాతం జాబితాలో ఉన్న ఓటర్ల మీద లెక్క, అక్కడిది అర్హులందరి మీద లెక్క. పైగా ఇక్కడిలా బూత్ స్థాయి అధికారి ఇంటికొచ్చి పేరు రాసుకోవడం అక్కడ లేదు. చాలా రాష్ట్రాల్లో ఎవరి నమోదు వాళ్లే చేయించుకోవాలి. పోలింగ్ మంగళవారం జరుగుతుంది, దేశమంతటికీ సెలవు ఉండదు. రెండు డ్యూటీలు చేసుకునే మనిషి బూత్‌కు రాలేదంటే తప్పు ఆ మనిషిదే అనడం నాకు న్యాయంగా తోచదు.

సర్వేల వైపు నుంచి చూస్తే కథ 1936 అధ్యక్ష ఎన్నికలతో మొదలుపెట్టాలి. లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటి మందికి నమూనా బ్యాలట్లు పంపింది. 20 లక్షలకు పైగా జవాబులొచ్చాయి. వాటిని బట్టి రిపబ్లికన్ అభ్యర్థి ఆల్ఫ్ ల్యాండన్ గెలుస్తాడని ప్రకటించింది. కానీ డెమోక్రటిక్ పార్టీ తరఫున మళ్లీ నిలబడ్డ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. చిరునామాలు టెలిఫోన్ డైరెక్టరీల నుంచీ, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచీ తీసుకున్నవి. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్లెవరో ఊహించుకోవచ్చు. అందినవాళ్లలో కూడా పనిగట్టుకుని జవాబు పంపినవాళ్లు వేరు, పక్కన పడేసినవాళ్లు వేరు. అంతకంటే ఎన్నోరెట్లు చిన్న నమూనాతో రూజ్‌వెల్ట్ గెలుపును సరిగ్గా చెప్పిన జార్జ్ గాలప్ పేరు మార్మోగింది.

పన్నెండేళ్లకు ఆయన వంతూ వచ్చింది. 1948 అధ్యక్ష ఎన్నికల్లో గాలప్ చివరి అంచనా రిపబ్లికన్ అభ్యర్థి డ్యూయీకి 49.5 శాతం, డెమోక్రాట్ ట్రూమన్‌కు 44.5. ఫలితం దాదాపు తారుమారు: ట్రూమన్‌కు 49.6, డ్యూయీకి 45.1. పోలింగ్‌కు చాలా ముందే సర్వేలు ఆపేయడం, కోటాల ప్రకారం మనుషులను ఎంచుకోవడం అందుకు ప్రధాన కారణాలని తేలింది. ఆ దెబ్బ తర్వాతే, ఓటేసేదెవరో ముందే తేల్చే పద్ధతి కోసం గాలప్ సంస్థలో గట్టి ప్రయత్నం మొదలైంది. అక్కడ పనిచేసిన పాల్ పెర్రీ 1950లలో ఒక ప్రశ్నల వరుస తయారుచేశాడు. ఎన్నికల గురించి ఎంత ఆలోచించారు, మీ వాడలో పోలింగ్ ఎక్కడ జరుగుతుందో తెలుసా, గతసారి ఓటేశారా, ఎంత తరచుగా వేస్తారు... ఇలా ఏడు ప్రశ్నలు. జవాబులకు మార్కులు వేసి, పై వరుసలోని వాళ్లను లైక్లీ ఓటర్లుగా తీసుకుంటారు. గీత ఎక్కడ గీయాలన్నది మాత్రం సర్వే చెప్పదు. ఈసారి పోలింగ్ 40 శాతమా, 50 శాతమా అన్నది సంస్థే ఊహించుకోవాలి. 2010లో 4 పాయింట్లు 15 అయింది ఈ జల్లెడలోనే.

జల్లెడ ఇంత ముఖ్యం కావడానికి మిడ్‌టర్మ్ స్వభావమే కారణం. 1934 నుంచి 2022 దాకా అధ్యక్షుడి పార్టీ ప్రతినిధుల సభలో బలం పెంచుకున్నది మూడేసార్లు: 1934, 1998, 2002. రాజనీతి శాస్త్రవేత్త ఆంగస్ క్యాంప్‌బెల్ 1960లో దీనికొక వివరణ ఇచ్చాడు. అధ్యక్ష ఎన్నికల ఊపులో రాజకీయాలంటే పెద్దగా పట్టనివాళ్లూ బూత్‌కు వచ్చి గెలిచే పక్షాన్ని బలపరుస్తారు. రెండేళ్లకు ఊపు తగ్గుతుంది, వాళ్లు ఇంట్లోనే ఉండిపోతారు. ఈ వివరణ ఒక్కటే చాలదని తర్వాతి పరిశోధకులు వాదించారు. అధ్యక్షుడి మీద కోపంతో ఉన్నవాళ్లకు ఉత్సాహం ఎక్కువ ఉంటుందన్నదీ నిజమే.

ఆ ఉత్సాహం ఎంత దూరం పోగలదో 2018 చూపించింది. ట్రంప్ తొలి పదవీకాలంలో వచ్చిన ఆ మిడ్‌టర్మ్‌లో దాదాపు సగం మంది అర్హులు ఓటేశారు. 1914 తర్వాత ఏ మిడ్‌టర్మ్‌లోనూ అంత పోలింగ్ జరగలేదు. జనగణన సంస్థ సర్వే ప్రకారం 18–29 ఏళ్లవారి ఓటింగ్ 20 నుంచి 36 శాతానికి పెరిగింది. టెక్సస్‌లో 2014లో సుమారు 47 లక్షల ఓట్లు పడితే, 2018లో 83 లక్షలు దాటాయి. అక్కడ సెనేట్ స్థానానికి రిపబ్లికన్ టెడ్ క్రూజ్ గెలిచినా ఆధిక్యం 3 పాయింట్లలోపే. చివరి సర్వేల సగటు అంతకు రెట్టింపు చూపింది. గత ఎన్నికల అలవాట్లను నమ్ముకున్న జల్లెడకు కొత్తగా వచ్చేవాళ్లు ఎప్పుడూ కనబడరు.

2022 పాఠం వేరు. జూన్‌లో సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కును కొట్టేసింది. ఆగస్టులో కాన్సస్ రాష్ట్రంలో జరిగిన ప్రజా ఓటింగ్‌లో, ఆ హక్కును రాష్ట్ర రాజ్యాంగం నుంచి తీసేసే సవరణను దాదాపు 59 శాతం మంది తిరస్కరించారు. ముందు వచ్చిన సర్వే సవరణ వైపే కొద్దిగా మొగ్గింది. అయినా నవంబర్‌లో రిపబ్లికన్ ప్రభంజనం ఖాయమని వ్యాఖ్యాతలు చెబుతూనే వచ్చారు. ప్రతినిధుల సభలో ఆ పార్టీకి దక్కినవి 222 స్థానాలు, మెజారిటీకి కావాల్సినవి 218. నిజానికి సర్వేలు ఆ ఏడాది బాగా పనిచేశాయి. పాతికేళ్ల సర్వేలతో పోల్చి చూసిన, సర్వేలను విశ్లేషించే ఫైవ్‌థర్టీఎయిట్ వెబ్‌సైట్ లెక్కలో సగటు పొరపాటు అతి తక్కువగా తేలింది ఆ విడతలోనే. తప్పిందల్లా చుట్టూ అల్లిన కథనం.

ఇక ఫోన్ ఎత్తేవాళ్లే కరువయ్యారు. ప్యూ రీసెర్చ్ సెంటర్ ఫోన్ సర్వేలకు స్పందించినవాళ్లు 1997లో 36 శాతం, 2018లో 6 శాతం. అందుకే చాలా సంస్థలు ఆన్‌లైన్ ప్యానెళ్లకు, టెక్స్ట్ మెసేజ్‌లకు మళ్లాయి.

కొత్తగా పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్ల సంగతి ఇక్కడే వస్తుంది. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2022లో మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. మనవాళ్లలో కొందరు అంత స్థాయికి చేరినా, పౌరసత్వం నిన్నగాక మొన్న వచ్చిన ఓటరుకు గతసారి ఓటేసిన చరిత్ర ఉండదు. పోలింగ్ ఎక్కడ జరుగుతుందో తెలుసా అన్న ప్రశ్నకూ తడబడవచ్చు. పాత తరహా జల్లెడలో అలాంటి మనిషి ఓటు వేయనివాళ్ల వైపు జారిపోతాడు. ఆ లెక్కలనే నమ్ముకున్న పార్టీలు అతని తలుపు తట్టవు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

వచ్చే మిడ్‌టర్మ్ పోలింగ్ 2026 నవంబర్ 3న. సర్వే ఏది కనబడినా అది వయోజనులందరిదా, నమోదైన ఓటర్లదా, లైక్లీ ఓటర్లదా అన్నది ముందు చూడాలి. మూడింటికీ మూడు జవాబులుంటాయి. తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో ఉన్న రాష్ట్రాల్లోనే నమోదు గడువు ఒక్కోచోట ఒక్కోలా ఉంది: టెక్సస్‌లో పోలింగ్‌కు సుమారు 30 రోజుల ముందు, న్యూజెర్సీలో 21 రోజుల ముందు ముగుస్తుంది. కాలిఫోర్నియాలో పోలింగ్ రోజున కూడా నమోదు చేసుకుని ఓటేయవచ్చు.