వెబ్3 అపోహలు: స్క్రీన్ మీద అంకె కనబడితే డబ్బున్నట్టు కాదు

తిరుపతిలో లాడ్జీలకు, ట్రావెల్స్ వాళ్ళకు వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా పని. ఈ మధ్య సైటు పని మీద వచ్చినవాళ్ళు లేచే ముందు ఒక మాట అడుగుతున్నారు: "అది సరేగానీ, వెబ్3 అంటున్నారే, అందులో పెట్టొచ్చా?" వెబ్3 అంటే ఏ ఒక్క కంపెనీ చేతిలోనూ లేకుండా, బ్లాక్‌చెయిన్ మీద, అంటే వేల కంప్యూటర్లలో ఒకేలా ఉండే ఉమ్మడి లెక్కల పుస్తకం మీద, ఇంటర్నెట్‌ను నడపాలన్న ఆలోచన. పెట్టడమంటే డబ్బు. హోటల్ మీటింగుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో ఎవరెవరో ఏవేవో ఎక్కిస్తున్నారు. విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

అపోహ: "ఇది డీసెంట్రలైజ్డ్. ఎవరి చేతిలోనూ ఉండదు కాబట్టి ఎవరూ మోసం చెయ్యలేరు."

అన్నిట్లోకీ కొంపలు ముంచుతున్నది ఇదే. రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఫోన్ పట్టుకుని వచ్చారు. తెలిసినవాళ్ళ ద్వారా ఒక యాప్‌లో చేరి, రిటైర్మెంట్ డబ్బులో కొంత పెట్టారు. బ్యాలెన్స్ రోజూ పెరుగుతోంది. "తీసుకుందామంటే ముందు 30 శాతం టాక్స్ కట్టమంటున్నారు నాయనా. గవర్నమెంట్ రూలే కదా?" అన్నారు.

అదే యాప్ సైటును ఆయన లాగిన్‌తోనే నా కంప్యూటర్‌లో తెరిపించాను. బ్యాలెన్స్ మీద రైట్ క్లిక్ కొట్టి, ఇన్‌స్పెక్ట్‌లోకి (బ్రౌజర్‌లో పేజీ వెనకున్న కోడ్ చూపించేది) వెళ్ళి, అంకె చివర రెండు సున్నాలు చేర్చాను. లక్షలు కోట్లయిపోయాయి. సార్ కళ్ళజోడు సర్దుకుని దగ్గరికి వంగారు. "రిఫ్రెష్ కొడితే పాత అంకె వచ్చేస్తుంది సార్. కానీ ఆ పాతది కూడా ఎవరో వాళ్ళ సర్వర్‌లో కూర్చుని రాసుకున్నదే" అన్నాను. డొమైన్, అంటే సైటు పేరు, వివరాలు వెతికితే మొన్నమొన్న కొన్నది. దాన్ని నడిపేవాళ్ళ చేతిలోని సర్వర్, అందులో వాళ్ళు రాసిన లెక్క. డీసెంట్రలైజేషన్ ఆవగింజంత లేదు.

నిజంగా డీసెంట్రలైజ్డ్ అయితే ఎట్లా ఉంటుంది? క్రిప్టో అనే డిజిటల్ కాయిన్ల నెట్‌వర్కులు బిట్‌కాయిన్ 2009 నుంచి, ఇథీరియం 2015 నుంచి నడుస్తున్నాయి. ఎవరి నుంచి ఎవరికి వెళ్ళినా ఆ లెక్క ప్రపంచమంతా వేల కంప్యూటర్లలో ఉంటుంది. ప్రతి బదిలీకి ఒక ట్రాన్సాక్షన్ హ్యాష్, అంటే దానికే సొంతమైన పొడవాటి గుర్తింపు కోడ్, ఉంటుంది. దాన్ని బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో (బదిలీలు వెతికి చూపించే సైటు) వేసి, లాగిన్ లేకుండా ఎవరైనా చూసుకోవచ్చు. కాబట్టి ఏజెంటును అడగాల్సింది లాభం ఎంతని కాదు, హ్యాష్ ఏదని. సార్‌ను చేర్పించినాయనకు స్పీకర్ పెట్టి ఫోన్ చేసి అదే అడిగాం. "అవన్నీ బ్యాకెండ్‌లో ఉంటాయన్నా" అన్నాడు. అంతటితో ఫోన్ పెట్టేశాను.

సరే, హ్యాష్ చూపించారనుకుందాం. బదిలీ జరిగిందని తెలుస్తుంది, అంతే. ఆ కాయిన్‌కు రేపు విలువ ఉంటుందని కాదు. పైగా వాలెట్‌కు, అంటే కాయిన్లను వాడుకునే యాప్‌కు, తాళంచెవిలా ఇచ్చే 12 లేదా 24 పదాలు ఎవరి దగ్గరుంటే డబ్బు వాళ్ళది. "అంకుల్, నేను సెట్ చేసిస్తా" అని ఆ కాగితాన్ని ఫోటో తీసుకున్న కుర్రాడు ఎక్కడి నుంచైనా ఖాళీ చెయ్యగలడు. ఒకసారి పోయాక వెనక్కి తిప్పడానికి బ్రాంచి మేనేజర్ ఉండడు, కస్టమర్ కేర్ ఉండదు. ఎవరి చేతిలోనూ లేదంటే, అడగడానికి ఎవరూ లేరని కూడా అర్థం.

ఇక టాక్సు మాట. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, అదే ఏడాది జూలై 1 నుంచి 1 శాతం టీడీఎస్ ఉన్న మాట నిజమే. మోసగాళ్ళు ఈ నిజాన్నే వాడుకుంటున్నారు. టీడీఎస్ అంటే ఇచ్చేవాళ్ళు పట్టుకుని మిగతాది ఇస్తారు, మన దగ్గర ఎదురు వసూలు చెయ్యరు. మిగతా పన్ను మన పాన్ మీద ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళకు కట్టేది, వాట్సాప్‌లో వచ్చిన క్యూఆర్ కోడ్‌కు కాదు. పన్ను వేశారంటే ప్రభుత్వం గ్యారంటీ ఇచ్చిందనీ కాదు.

సార్ ఆ టాక్స్ కట్టలేదు. పెట్టింది మాత్రం ఇంకా రాలేదు. మీకూ ఇట్లా జరిగితే ఇంట్లో ఏమంటారోనని దాచిపెట్టి టెన్షన్ పడకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత త్వరగా చెబితే, డబ్బు చేరిన బ్యాంకు ఖాతాను ఆపే అవకాశం అంత ఎక్కువ. జీవితమంతా లెక్కలు చెప్పిన మనిషే నమ్మారు, ఇందులో సిగ్గుపడేదేమీ లేదు.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

"వెబ్3 వచ్చేసింది, పాత సైట్లు ఆగిపోతాయి" అని ఒక లాడ్జి ఓనర్‌ను భయపెట్టి కొటేషన్ ఇచ్చారు. 1991 నాటి మొట్టమొదటి వెబ్‌సైటును, వెబ్ పుట్టిన యూరప్ పరిశోధన సంస్థ సెర్న్ వాళ్ళు 2013లో పాత చిరునామాలోనే మళ్ళీ నిలబెట్టారు. ఈరోజు మీ ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది. రూముల రేట్లు, ఫోన్ నంబరు, బస్టాండ్ నుంచి దారి చూపే మ్యాపు, ఇంతే కావాలంటే స్టాటిక్ పేజీ, అంటే ముందే రాసిపెట్టిన మామూలు పేజీ, చాలు. హ్యాక్ చెయ్యడానికి అందులో డేటాబేసే ఉండదు.

డీసెంట్రలైజేషన్ కొత్తదేం కాదు. వేరే వేరే కంపెనీల సర్వర్లైనా జీమెయిల్ నుంచి యాహూకు మెయిల్ వెళ్ళడం అదే కదా! వెబ్ కూడా అట్లా పుట్టిందే. 1993 ఏప్రిల్ 30న సెర్న్ దాన్ని అందరికీ ఉచితంగా వదిలేసింది, ఎవరైనా సర్వర్ పెట్టుకోవచ్చు. నాలుగైదు కంపెనీల చుట్టూ మనం గుమిగూడింది తర్వాత. ఆ గుత్తాధిపత్యం మీద కోపం న్యాయమే, నాకూ ఉంది. ఎవరైనా సొంత సర్వర్ పెట్టుకోగల సోషల్ నెట్‌వర్క్ మాస్టొడాన్ లాంటివి ఏ కాయినూ అమ్మకుండానే దానికి దారి వెతుకుతున్నాయి.

వెబ్3 పేరు పెట్టింది వెబ్‌ను కనిపెట్టినాయన కాదు. 2014లో ఇథీరియం సహ వ్యవస్థాపకుడు గావిన్ వుడ్ పెట్టాడు. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ అయితే వెబ్3 అసలు వెబ్బే కాదని 2022లో లిస్బన్‌లో బాహాటంగానే అన్నాడు.

చంద్రగిరి వైపు ఇంజనీరింగ్ కాలేజీల పిల్లల అమ్మానాన్నలు కోర్సుల గురించి అడుగుతుంటారు. ఇథీరియం డాక్యుమెంటేషన్ అంతా ఉచితంగానే ఉంది. ఫీజు కట్టే ముందు పిల్లవాడిని ఒక్కటి అడగండి: బ్రౌజర్‌లో అడ్రస్ కొట్టినప్పటి నుంచి పేజీ వచ్చేదాకా ఏం జరుగుతుంది? చెప్పలేకపోతే ముందు అది నేర్చుకోమనండి, బ్లాక్‌చెయిన్ సంగతి వచ్చే సెమిస్టర్‌లో చూసుకోవచ్చు.