ఆ ‘రా’ ఏ ‘రా’?

మిర్యాలగూడ నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: “మా టామీ ఇంట్ల పిలిస్తే ఉరికొస్తది. గేటు దాటిందంటే ఎంత మొత్తుకున్నా మొఖం తిప్పదు. పొగరా, చెవుడా?”

చెవుడు సంగతి ముందు తేల్చుకోవచ్చు. కుక్క నిద్రలో ఉన్నప్పుడు దాని వెనక, గాలి తగలనంత ఎడంగా నిలబడి తాళంచెవుల గుత్తి ఒక్కసారి ఆడించండి. కాలు నేలకేసి కొట్టొద్దు, అదురుకు కూడా లేస్తుంది. చెవి కదిలితే వినికిడి ఉన్నట్టే (ఒక్క చెవే పోతే ఈ పరీక్షలో దొరకదు). కదలకపోయినా, చెవి వాసన వస్తున్నా, తల అదేపనిగా విదిలిస్తున్నా పశువుల డాక్టరుకు చూపించండి. దిష్టి తగిలిందని మెడకు నల్లతాడు కట్టి ఊరుకునేవాళ్లున్నారు. కుక్కపిల్ల పెరుగుతుంది, తాడు పెరగదు. కొన్నాళ్లకు బొచ్చు కింద మెడ కోసుకుపోతుంది, విప్పి చూసేదాకా ఎవరికీ తెలియదు.

ఇక పొగరు. అసలు తప్పు మనం పిలిచే మాటలోనే ఉంది. కుక్కను పిలవడానికి ‘రా’ కంటే పనికిరాని మాట తెలుగులో దొరకదు. ‘ఏందిరా’, ‘తినరా’, ‘ఎటు పోయినవ్‌రా’ అంటూ పొద్దున్నుంచి రాత్రిదాకా ఇంట్లో ఆ చప్పుడు మోగుతూనే ఉంటుంది. అందులో నిజంగా రమ్మన్నవి ఏ రెండో మూడో. ‘పోరా’లో ఉన్నదీ ‘రా’నే! మనకు వ్యాకరణం వచ్చు. కుక్క చూసుకునేది ఒకటే, ఈ చప్పుడు వెనక ఏం వచ్చింది అని. నూటికి తొంభైసార్లు ఏమీ రాకపోతే, ఫ్యాను చప్పుడును మనం మరిచిపోయినట్టు అది ‘రా’ను మరిచిపోతుంది. దీనికి తోడు నాయనమ్మ ‘దా బిడ్డా’ అంటుంది, నాయన ‘ఇటు రారా’ అంటాడు, బడికి పోయే పిల్ల ‘కమ్’ అంటుంది.

బుడాపెస్ట్ పరిశోధకులు 2020లో పెంపుడు కుక్కల తలకు ఎలక్ట్రోడ్లు అతికించి చూశారు. తెలిసిన ఆజ్ఞనూ, దానికి బొత్తిగా పోలికలేని అర్థరహిత పదాన్నీ వాటి మెదడు వేరు చేసింది. ఆజ్ఞలో ఒక్క ధ్వని మార్చి వినిపిస్తే ఆ తేడా కనిపించలేదు. అలాంటి చెవులకు ‘రా’, ‘దా’, ‘పోరా’ ఇచ్చి ఏరుకోమంటున్నాం.

మరి ఇంట్లో ఎందుకు వస్తుంది? ఇంట్లో ‘రా’ వెనక గిన్నె చప్పుడుంది. గేటు బయట ‘రా’ వెనక గొలుసుంది. నాలుగుసార్లు అలా జరిగితే చాలు, ‘రా’ అంటే షికారు అయిపోయిందని అర్థం. ఆ పక్కనే చికెన్ సెంటరు వాసన. వయసు కూడా చూడాలి. బ్రిటన్‌లో గైడ్ డాగ్ శిక్షణ కోసం పెంచే కుక్కల మీద 2020లో వచ్చిన అధ్యయనంలో, అయిదు నెలలప్పటికంటే ఎనిమిది నెలలకు అవి యజమాని ‘కూర్చో’ అంటే తక్కువగా విన్నాయి. అదే కొత్తవాళ్లు చెబితే విన్నాయి!

‘కూర్చో’ అన్నప్పుడు ఎండ కూడా చూడండి. మే నెల నల్లగొండలో మిట్టమధ్యాహ్నం వాకిట్లో షాబాద్ బండల మీద కూర్చోమంటే కుక్క మోకాళ్లు వంచుతుంది, బండ తగలగానే లేస్తుంది. మాట అర్థమైంది, పిర్ర కాలింది. మీ అరచేతి వెనకభాగం అయిదు సెకన్లు ఆనించలేని చోట దాన్ని కూర్చోమనకండి.

పాత ‘రా’ను బాగుచేయడం కంటే కొత్త మాట పెట్టడం సులువు. ఇంట్లో మరెవరూ వాడనిదై ఉండాలి, ‘జిల్‌జిల్’ లాంటిది. ‘గప్‌చుప్’ బాగుంటుంది గానీ సాయంత్రం బండి వచ్చే వీధిలో వద్దు. ఉడికించిన కోడి కార్జం, ఉప్పూ కారం లేకుండా, శనగగింజంత ముక్కలు చేసుకోండి. మూడడుగుల దూరంలో ఉండి మాట ఒక్కసారే అనాలి, సెకను లోపల ముక్క నోట్లో పడాలి. వరస తప్పొద్దు: మాట ముందు, ముక్క తర్వాత. ముక్క చూపించి పిలిస్తే అది మాట నేర్చుకోదు, మీ చేతిని చూడటం నేర్చుకుంటుంది. పూటకు పదిసార్లు, రోజుకు రెండు పూటలు. వారం తర్వాత వాకిట్లో, ఆ తర్వాత ముప్పై అడుగుల తాడు కట్టి ఖాళీ జాగాలో. చోటు మారితే పాఠం మళ్లీ మూడడుగుల నుంచే. రాకపోతే రెండోసారి అనొద్దు, మీరే దగ్గరికి జరగండి.

బయట పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు ముక్క పెట్టి మళ్లీ వదిలేయండి, పదోసారి గొలుసు వేయండి. స్నానానికి మాత్రం ఆ మాటతో పిలవకండి, నడిచి వెళ్లి పట్టుకురండి.